మడమకు రెండు చుక్కలు

మా ఇంట్లో ఏది విరిగినా పారేసే అలవాటు లేదు. బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పట్టాలు చూసుకుంటూ రిటైరయ్యాడు. ఊడినదాన్ని బిగించడమే ఆయనకు తెలిసిన పని. యాకుత్‌పురా స్టేషన్ వెనక మా రెండు గదుల్లో మగ్గు పిడి, గడియారం అద్దం, టీవీ రిమోటు మూత, అన్నీ దారాలతోనూ టేపులతోనూ బతికేవి. అందుకే ఒక ఆదివారం కిరాణా కొట్టులో వేలాడుతున్న చిన్న గమ్ము ట్యూబును నేను తెచ్చినప్పుడు బాపు కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ కూర్చున్నాడు.

చుక్క వేసి, నొక్కిపట్టి, ఇరవై లెక్కపెడితే చాలు. మగ్గుకు పిడి వచ్చింది. రిమోటు మూత కూర్చుంది. నా బొటనవేలూ చూపుడువేలూ కూడా అతుక్కుపోతే వేడినీళ్లలో నానబెట్టి ఊడదీసుకుంటూ నవ్వాను. చివరికి బాపు కుడిచెప్పు పట్టీ. తొడుక్కుని వాకిట్లో నాలుగడుగులు వేసి, "గిది మస్తు పట్టిందే" అన్నాడు. మళ్లీ కూర్చుని, కుడికాలు నా ఒళ్లోకి చాపాడు.

"నా మడిమెకు గూడ రెండు చుక్కలెయ్యి బిడ్డా."

ముప్పై ఏళ్లు కంకర మీద నడిచిన కాళ్లు అవి. మడమలు పగిలి నెత్తురు కారేది, పొద్దున లేస్తే దుప్పటికి మరకలు. అమ్మ కొబ్బరినూనెలో కొవ్వొత్తి కరిగించి పూసేది. పైగా ఆయనకు షుగరు. పాదాలకు తిమ్మిరే తప్ప నొప్పి తెలియదు. ఆ సంగతి అందరికంటే నాకే బాగా తెలుసు, మందుల చీటీలు చదివేది నేనే కదా.

అమ్మ వంటగది గడపలో నిలబడి, "చెప్పుకేసేది కాలికేస్తరా? వద్దు" అంది.

"నువ్వు జర ఊకోరాదే అమ్మా. అన్నిటికీ లొల్లే నీకు" అన్నాను.

రెండు కాదు, నాలుగు చుక్కలు వేశాను. పగులు మూసుకుని పైన గట్టి పొర కట్టింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను, సిగ్గులేకుండా. బాపు పది రోజుల పాటు వచ్చినవాళ్లందరికీ మడమ ఎత్తి చూపించాడు. "నెత్తురు బంద్. ఇగ ఫికర్ లేదు" అనేవాడు. తర్వాత చలి పెరిగి మేజోళ్లు తొడగడం మొదలుపెట్టాడు.

అప్పుడు ఇంట్లో వాసన మొదలైంది. ఎలుక చచ్చిందనుకున్నాను. మంచం జరిపాను, బియ్యం డ్రమ్ము జరిపాను, మోరీలో ఫినాయిలు పోశాను. వాసన వాళ్ల మోరీదేనని పక్కింటివాళ్లతో గొడవ కూడా పెట్టుకున్నాను. రెండు రోజులు నేను ఎలుకను వెతుకుతుంటే బాపు మంచం మీద కూర్చుని, "ఆ మూలకు చూడు బిడ్డా" అని చెబుతూనే ఉన్నాడు. మూడోరోజు ఆయనకు చలిజ్వరం వచ్చింది. కాళ్లు రుద్దుదామని మేజోడు లాగినప్పుడు తెలిసింది వాసన ఎక్కడిదో. పాదం వాచి నల్లబడింది. గమ్ము పొర మాత్రం చెక్కుచెదరలేదు.

దవాఖానలో డాక్టరు ఆ పొరను ఊడదీశాడు. దాని కిందున్నది నేను రాయలేను. లోపల చీము పట్టి, బయటికి దారి లేక పైకి పాకిందని చెప్పి, "ఇదెవరు పెట్టారు?" అని అడిగాడు. నేను చేతిలోని మందుల చీటీలు సర్దుతూ తల వంచుకున్నాను.

"నేనే పెట్టుకున్న సార్, బుద్ధి లేక" అన్నాడు బాపు, ఆ జ్వరంలోనే.

అమ్మ నా వంక చూసింది. రెండు రోజుల తర్వాత మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

ఇంటికి వచ్చాక, చూడవచ్చినవాళ్లంతా ఆయన్నే తిట్టారు. "పెద్దమనిషివి, కాలికి గమ్మేందన్నా?" అని. ఆయన ప్రతిసారీ తలూపి, బుద్ధి లేకనే అనేవాడు. నేను చాయ్ అందిస్తూ విన్నాను. ఒక్కరికైనా నిజం చెప్పలేదు. చెబుదామనుకునేదాన్ని, కప్పులు కడిగి వచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయేవాళ్లు. అదంతా సాకు. పిరికిదాన్ని, అంతే.

మూడు నెలలకు చంకకర్ర అడుగున ఉండే రబ్బరు ఊడింది. బాపు దాన్ని అరచేతిలో పెట్టుకుని నన్ను పిలిచాడు.

"గమ్ము తెచ్చి గిది అతికియ్యి బిడ్డా. కర్ర జారుతున్నది."

మళ్లీ అదే కొట్టుకు వెళ్లి అదే ట్యూబు తెచ్చాను. మూత తీస్తూ, "బాపూ, నేనే పెట్టిన్నని అందరికీ ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

"నేనడిగితేనే గద పెట్టినవ్. ఇందుల నీ తప్పేంది?"

వంటగదిలోంచి అమ్మ అంది, "నేను వద్దన్న."

ఆ మూడు నెలల్లో ఆ సంగతి గురించి అమ్మ నోట వచ్చిన మాట అదొక్కటే. కోపంగా కూడా అనలేదు. బాపు తల దించుకున్నాడు. నేను చుక్క వేసి, రబ్బరును కర్రకు నొక్కిపట్టాను. ఇరవై లెక్కపెట్టడం అయిపోయినా వదల్లేదు. వదిలితే లేచి అమ్మ ముందుకు వెళ్లాలి.