తాకి వెళ్ళిన గీత

ఒక్క సున్న దగ్గర నేను వెలగబెట్టిన ఘనకార్యం చెబుతాను. నవ్వండి, అభ్యంతరం లేదు. చివరికొచ్చేసరికి నాకే నవ్వు రాదు.

రెండువేల దశకం తొలి ఏళ్ళలో, బి.ఇడి. సర్టిఫికెట్ మీద సిరా ఆరకముందే, సఖినేటిపల్లి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. అప్పట్లో ఆ కాగితాన్ని కిరీటంలా పెట్టుకు తిరిగేదాన్ని. పదో తరగతికి బహుపది శూన్యాలు చెబుతూ, గ్రాఫు ఎక్స్ అక్షాన్ని ఎన్నిచోట్ల ఖండిస్తే అన్ని శూన్యాలన్నాను. తర్వాత బోర్డు మీద గిన్నెలాంటి గీత గీశాను. దాని అడుగు అక్షానికి ఒక్కచోట ఆని, మళ్ళీ పైకి పోయింది. శూన్యాలెన్ని అని అడిగాను.

సువార్త లేచింది. వాళ్ళ నాన్న గోదావరి దాటించే పంటు నడుపుతారు. తల్లి కువైట్‌లో ఇళ్ళలో పనికి వెళ్ళింది.

"ఒకటండి" అంది.

"ఖండించిందా?"

"లేదండి, తాకిందండి. మా నాన్నగారి పంటు నరసాపురం రేవుకి ఆని తిరిగొచ్చేస్తాదండి. అయినా నరసాపురం వెళ్ళినట్టే కదండీ."

ఎంత చక్కని మాట! నేనేమన్నానో తెలుసా? ఖండించలేదు కాబట్టి శూన్యాలే లేవని తేల్చి, పరీక్షకి కూడా పంటెక్కే వెళ్ళమన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. సువార్త కూర్చుంది. మళ్ళీ నా క్లాసులో నోరు విప్పలేదు.

ప్రీఫైనల్లో అదే ప్రశ్న వచ్చింది. దిద్దడానికి మాకిచ్చిన జవాబుల కాగితంలో 'ఒకటి' అని ఉంది. లెక్క రాక కాగితం ఓడన్నట్టు, అది తప్పని వాదించడానికి హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పాఠ్యపుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. తాకినా శూన్యమేనని బొమ్మతో సహా ఉంది.

"పాఠం చెప్పేముందు ఇది చదివేరాండీ?" అని మెల్లగా అడిగారు.

డిగ్రీ చదివినదాన్ని, పదో తరగతి పుస్తకం చదువుతానా!

పేపర్లు దిద్దితే తరగతి మొత్తం 'శూన్యాలు లేవు' అని రాసింది. సువార్త కూడా. ముందు 'ఒకటి' అని రాసి, కొట్టేసింది.

మర్నాడు, తాకినా లెక్కేనని ఒక్క ముక్కలో తేల్చేశాను. తప్పు నాదని మాత్రం అనలేదు. పరువు కదా!

జూన్‌లో సువార్త సర్టిఫికెట్ల కోసం వచ్చింది. ఇంటర్లో ఏ గ్రూపని అడిగితే, లెక్కల్లేని హెచ్.ఇ.సి. అంది. లెక్కలు తనకి రావంది. అప్పుడు చెప్పాను, ఆ రోజు తనే ఒప్పని.

"నాకే తెలీలేదనుకున్నానండి. టీచరుగారు తప్పు చెప్పరు కదండీ."

గ్రూపు మార్చుకోమన్నాను. నాన్నగారు చేర్పించేశారంది. దండం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఖాళీ క్లాసులో నిలబడి, సుద్దముక్క మీద ఒట్టేసి భీషణ ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ పిల్ల జవాబు చెప్పినా, ముందు పుస్తకం చూస్తాను. నవ్వాలనిపిస్తే ఆ తర్వాత అద్దం చూస్తాను.