ఆకాశం మనిషికి అంగీ కుట్టిన బాబా మియా

బాబా మియా గురించి మా దిక్కున ఒక మాట ఉంది. ఆకాశం నుంచి పడ్డ మనిషిని సర్కారు పట్టుకుని అచ్చంపేట అడవిలో ఒక బంగళాలో దాచిందట. ఆ మనిషికి మూడు చేతులట. ఒంటి మీద నూలుపోగు లేకుంటే పెద్ద సార్లకే సిగ్గనిపించి, మర్రిగూడ పక్కనున్న మా ఊరికి జీపు పంపి దర్జీ బాబా మియాను పిలిపించుకున్నారట. మూడు చేతుల అంగీ కుట్టించుకుని, ఎక్కడా నోరు విప్పనని ఒట్టు వేయించుకుని పంపారట. ఆ మనిషి ఒంటి వెలుగును సూటిగా చూసినందుకే బాబా మియా కళ్లు పోయాయట. ఈ మాట సంతలో విన్నాను, బస్సులో విన్నాను. పోయినసారి విన్నప్పుడు చేతులు నాలుగయ్యాయి.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఆపైన చదవాలంటే ఊరు దాటాలి. ఊరికే కూర్చోవడం ఎందుకని మా అవ్వ నన్ను కుట్టుపని నేర్చుకోవడానికి బాబా మియా ఇంటికి పంపింది. వాళ్లకు పిల్లలు లేరు. ముందు వసారాలో ఆయన తొక్కుడు మిషను ఉండేది. దాని వెనక గోనెపట్టా పరదా. పరదా వెనక ఆయన భార్య అన్వరీ బేగం, చేత్తో తిప్పే ఇంకో మిషను. నేను ఆమెను ఖాలా అని, అంటే పిన్నీ అని, పిలిచేదాన్ని. ఖాలా గడప దాటేది కాదు. ఎప్పుడైనా ఎక్కడికైనా పోవలసి వస్తే బండి చుట్టూ దుప్పటి కట్టాల్సిందే.

నేను చేరేనాటికే బాబా మియా కళ్లకు పొర కమ్మింది. మనిషి ఆకారం తెలిసేది, సూది బెజ్జం తెలిసేది కాదు. కొలతలు మాత్రం చేతులతోనే తీసేవాడు. దారం తీసుకుని ఛాతీకి ఒక ముడి, చేతికి ఒక ముడి, పొడుగుకు ఒక ముడి వేసి, ఆ దారాన్ని బట్టలో చుట్టి పరదా కింది నుంచి లోపలికి నెట్టేవాడు. ఖాలా ఆ ముడులను బట్టి కత్తిరించి కుట్టేది. ఆమె మిషను చప్పుడు బయటికి వినబడకుండా ముందర ఆయన తన మిషను తొక్కుతూ కూర్చునేవాడు. అందులో దారం ఉండేది కాదు. ఎవరైనా వస్తే ఒక పాత గుడ్డ సూది కిందకు జరిపి తొక్కేవాడు.

"కండ్లు లేని దర్జీకి ఎవడన్న బట్ట ఇస్తడా, బేగం? తెలిస్తె రేపే అందరు చండూరు దర్జీల తొవ్వ వడ్తరు," అనేవాడు.

"తెలిసినప్పుడు సూద్దం. మీరైతే మిషను తొక్కుండ్రి," అనేది ఖాలా. ఆ ఇంట్లో ఉన్న భయం అదొక్కటే. మిగతాదంతా నవ్వులే. ఆయన రోజూ ఒక చుట్ట కాల్చేవాడు, ఆమె రోజూ తిట్టేది.

అరవై ఐదో, అరవై ఆరో, సరిగా గుర్తులేదు. చలికాలం. ఒక పొద్దున కాటమయ్య ఆముదం చేనులో పెద్ద తెల్లబట్ట ఒకటి పడి ఉంది. వడ్లు నూర్చే కళ్లమంత వెడల్పు. దానికి తాళ్లు, తాళ్ల చివర ఒక పెట్టె. ఊరంతా గట్టు మీద చేరింది. కాటమయ్య కట్టె పట్టుకుని, ఎవరినీ దగ్గరికి రానీయకుండా కాపలా నిలబడ్డాడు. ఎండ ఎక్కేసరికి హైదరాబాదు నుంచి జీపులో ఇద్దరు సార్లు వచ్చారు. పెద్ద బెలూను కట్టి ఆ పెట్టెను పైకి పంపామనీ, పైనుంచి వచ్చే కిరణాలను అది కొలుస్తుందనీ, గొడుగు లాంటి ఆ బట్ట దాన్ని మెల్లగా కిందికి దించుతుందనీ చెప్పారు.

"పెట్టెల ఏమున్నది సారూ?" అని కాటమయ్య అడిగాడు.

"యంత్రాలు."

"యంత్రాలైతె సంటిపిల్లను వట్టుకున్నట్టు గంత పైలంగ ఎందుకు వట్టుకుంటుండ్రు?"

సారు నవ్వి, పెట్టె మీద దుప్పటి కప్పించాడు. ఆ కప్పడమే కాటమయ్యకు నచ్చలేదు. "దాసేటిది లేకపోతె కప్పుడెందుకే?" అని పక్కవాళ్లతో అన్నాడు.

బట్ట తుమ్మముళ్లకు తగులుకుని చినిగింది. దర్జీ ఎవరని అడుగుతూ సార్లు దాన్ని వసారాకు తెచ్చారు. బాబా మియా తడిమి చూసి, "లోపల పరిచి కుడతా," అని దాన్ని పరదా వెనక్కి తీసుకుపోయాడు. ఖాలా చినుగు అంచులు మడిచి, మాటు వేసి, రెండు వరసలు కుట్టింది. సారు ఆ కుట్టును లాగి చూసి సంతోషపడ్డాడు. హైదరాబాదులో ఇటువంటివి ఇంకా చినిగి ఉన్నాయనీ, కుట్టే మనిషి జబ్బుపడ్డాడనీ, రెండు మూడు రోజులు వచ్చి చేసిపెట్టమనీ అడిగాడు.

బాబా మియా పరదా వైపు తిరిగాడు. పరదా వెనక నుంచి ఖాలా గొంతు తగ్గించి, "ఒప్పుకోండ్రి. నేను గూడ వస్త. తాహేరాను సూసి ఎన్నేండ్లాయె," అంది. తాహేరా ఆమె చెల్లెలు, హైదరాబాదులో ఉంటుంది.

"మా ఆమె లేకుంటె నాకు కుట్టు సాగదు సారూ," అన్నాడు బాబా మియా. అది నిజమే.

"ఆమెను కూడా తీసుకురండి. ఇబ్బందేముంది?" అన్నాడు సారు.

మర్నాడు తెల్లవారగానే జీపు వాకిట్లోకి వచ్చింది. వెనక భాగం చుట్టూ నీలం దుప్పట్లు కట్టాం. ఒక కొస నేను పట్టుకున్నాను, ఒక కొస డ్రైవరు పట్టుకున్నాడు. జీపు కాటమయ్య చేను పక్కనుంచే పోయింది. ముందు సారు, ఆయన పక్కన బాబా మియా. వెనక దుప్పట్లు. దుప్పట్ల వెనక ఏదో కదలడం కాటమయ్య కళ్లారా చూశాడు. ఖాలా ఊళ్లో లేదన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఆమె ఎప్పుడూ కనబడేది కాదు, ఇప్పుడూ కనబడలేదు. కోళ్లకు గింజలు వేసింది, కుండలో నీళ్లు పోసింది నేను.

వాళ్లు తిరిగొచ్చేసరికి ఊరు కథ కట్టేసింది. వచ్చే ముందు ఖాలా అక్కడ మిగిలిన గొడుగు బట్ట ముక్కతో పప్పులు పోసుకోవడానికి ఒక పొడుగాటి సంచి కుట్టుకుంది. దాన్ని మేకుకు తగిలిస్తే రవికె గుడ్డ ఇవ్వడానికి వచ్చిన హనుమమ్మ చూసింది.

"అవ్వో! గిది అంగీ చెయ్యి గదనె. గింత పొడుగా!"

"పప్పుల సంచి, హనుమమ్మా," అన్నాను.

"నువ్వూకో పిల్లా. రెండు చేతులు ఆడికి వోయినయి, మూడోది గిక్కడ మిగిలింది."

సాయంత్రానికి మూడు చేతుల మనిషి తయారయ్యాడు.

బాబా మియా ఉన్నదున్నట్టు చెప్పి చూశాడు. "గొడుగు బట్ట కుట్టొచ్చినం, అంతే."

"గట్లనే జెప్పుమన్నరా?" అన్నాడు కాటమయ్య, కన్ను గీటి.

"అల్లా తోడు, పెట్టెల యంత్రాలే!"

"జూసినవా, ఒట్టు గూడ ఏపిచ్చిండ్రు!"

ఆయన ఎంత కాదంటే అంత నమ్మారు. పక్క ఊళ్ల నుంచి కూడా బట్టలు రావడం మొదలైంది. గిరాకీ మంచిదే, కానీ వచ్చినవాళ్లు పోయేవాళ్లు కాదు. ఆకాశం మనిషికి కుట్టిన చేతులు ఎట్లా ఆడతాయో చూడాలని వసారాలో కూర్చునేవాళ్లు. పాత గుడ్డ మీద ఎంతసేపు తొక్కుతాడు? బాబా మియా చుట్ట కూడా మానేశాడు.

ఒక రోజు కాటమయ్య కొత్త పాలియెస్టరు గుడ్డ తెచ్చాడు. వెంట పదిమంది.

"మియా, నా అంగీ నా ముందట కుట్టాలె. నా చేన్ల వడ్డడు గద వాడు, నాకా పాటి హక్కు లేదా?"

"రేపు రా, కాటమయ్యా."

"రేపెందుకు? జర సూదిల దారం వెట్టు. గంతే జూసి వోత."

బాబా మియా సూది పట్టుకున్నాడు. దారం కొస తడిచేశాడు. ఒకసారి పక్కకు పోయింది, మళ్లీ పోయింది.  పరదా వెనక ఖాలా మిషను చక్రం మీద చెయ్యి ఆపి కూర్చుంది. ఆయన సూది కింద పెట్టాడు.

"నాకు కండ్లు అగుపడవు. శానా దినాలాయె. మీ బట్టలు కుట్టేది నేను గాదు, బేగం. ఇగ మీ ఇష్టం. చండూరు వోతరో, యాడికి వోతరో."

 కాటమయ్య లేచి ఆయన ముఖంలోకి వంగి చూశాడు. కళ్లలో తెల్లటి పొర.

"అయ్యో మియా! గా వెలుగు జూసినందుకే గదనయ్యా! సర్కారోళ్లు నీ కండ్లు దీసుకున్నరు!"

"నా పానం దీసుకుంటున్నది నువ్వురా!" అని అరిచాడు బాబా మియా.

పరదా వెనక నుంచి ఖాలా పకపక నవ్వింది. ఆ నవ్వు వినడం ఊరికి అదే మొదటిసారి. తర్వాత పరదా పక్క నుంచి గాజుల చెయ్యి ఒకటి బయటికి వచ్చింది.

"ఆ గుడ్డ ఇటియ్యి, కాటమయ్యా. ఎల్లుండి రా. చేతులు రెండే వెట్టాల్నా?"

అందరూ నవ్వారు. కాటమయ్య గుడ్డను రెండు చేతులతో ఇచ్చాడు. చండూరు ఎవరూ పోలేదు. ఇప్పటికీ మగవాళ్లు కొలతలు ఆయనకు ఇస్తారు, ఆడవాళ్లు నేరుగా లోపలికి వస్తారు. ముందు మిషను మీద నేను కూర్చుంటున్నాను, దారంతోనే. బాబా మియా పక్కన మంచం మీద చుట్ట కాలుస్తూ, గుండీలు ఎన్నున్నాయో వేళ్లతో లెక్కపెడుతూ ఉంటాడు. ఆకాశం మనిషి సంగతి ఎవరైనా అడిగితే ఈమధ్య కాదనడం కూడా మానేశాడు. "మంచోడే, మాట తక్కువ," అంటాడు.

వాళ్లు హైదరాబాదు పోయినప్పుడు, అక్కడ ఆఖరి పొద్దున సార్లు ఒక బెలూను వదిలారని ఖాలా నాకు చెప్పింది. బాబా మియాకు ఏమీ కనబడలేదు. జీపులో కూర్చున్న ఖాలా దుప్పటి పక్కకు జరిపి, అది పైకి పోయి శనగగింజంత అయ్యేదాకా చూసింది. అది ఎంత ఉందో, ఏ రంగులో ఉందో ఆమె చెబుతుంటే, ఆయన దుప్పటి పక్కన నిలబడి విన్నాడు.