తరుగు

మా ఆయన నూజివీడులో మామిడి వ్యాపారి. ఎనభైల్లో మాట ఇది. షెడ్డులో కాయలు తూచే కాటా ఎక్కితే తొంభై ఎనిమిది కిలోలు తూగాడు. మచ్చ కాయలుంటాయని రైతు తెచ్చిన సరుకు బరువులో కొంత కోసేస్తారు, దాన్ని తరుగంటారు. పక్క కొట్టాయన నవ్వి, "బావగారూ, తరుగు తీసి చెప్పమంటారా?" అన్నాడు.

షుగరు మొదలైందని డాక్టరు చెప్పింది ఆ వేసవిలోనే. బరువు తగ్గాలన్నాడు, నడవమన్నాడు, ఏం తినాలో ఒక కాగితం మీద రాసిచ్చాడు. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. ఆయనే చదివి వినిపించాడు.

"రాత్రికి అన్నం వద్దంట. పలహారం చెయ్యమన్నాడు."

"పలహారమంటే ఉప్మానా?"

"ఉప్మా ఏంటే, మొద్దూ! ఫలం అంటే పండు. మామిడిపండు."

డాక్టరే రాశాడంటే నాకేం తెలుసు? రోజూ సాయంత్రం ఆరేసి చిన్నరసాలు పిసికి గిన్నెలో పోసి ఇచ్చాను. నడకంటే షెడ్డు దాకా వెళ్ళడం, కాటా ఎక్కడం, రిక్షాలో రావడం.

నెల తిరిగేసరికి కాటా తొంభై ఒకటి చూపించింది. షెడ్డంతా సంబరం.

"ఏం తింటున్నారు బావగారూ? మాకూ చెప్పండి."

"మా ఆవిడ చేతి పలహారమయ్యా!"

నేను పొంగిపోయాను. ముసునూరులో మా చెల్లెలికీ అదే తినమని చెప్పాను. ఆయన మాత్రం బిందెలకు బిందెల నీళ్ళు తాగేవాడు. ఎండలు కదా అనుకున్నాం. బుగ్గలు లోపలికి పోయాయి, చొక్కా భుజాల మీద వేలాడింది. అయినా కాటా తగ్గిన ప్రతిసారీ నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాడు. కాయలు అయిపోయే నాటికి ఎనభై.

అప్పుడే చెప్పు కరిచి కాలి బొటనవేలు పుండు పడింది. మానలేదు. నల్లబడింది. బెజవాడలో మోకాలి దాకా తీసేశారు. మళ్ళీ తోటల్లో పూత రాకముందే పోయాడు.

ఆ తర్వాత రెండేళ్ళకు మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు చదువు చెబుతున్నారంటే వెళ్ళాను. యాభై దాటాక పలక పట్టాను. ఒత్తులు వచ్చిన రోజున పెట్టె తీసి ఆ కాగితం ముందు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను.

రాత్రికి రెండు పుల్కాలు, ఆకుకూర. మామిడి, అరటి, సపోటా పూర్తిగా మానాలి. రోజూ గంట నడక. నెలకు రెండు కిలోలు తగ్గితే చాలు, అంతకంటే వేగంగా తగ్గితే వెంటనే వచ్చి చూపించుకోవాలి.

పలహారం అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. నేను తిట్టాను. గొంతు పోయేదాకా తిట్టాను. తర్వాత నా చేతులు చూసుకున్నాను. ఆ పళ్ళు పిసికింది ఇవే.