గుండు చేయించమన్న సిస్టరమ్మ

హిందీ రాష్ట్రంలో రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు పక్కనున్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో విజయకుమారిని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. ముప్ఫై ఒక్కేళ్లు రైల్వే డిస్పెన్సరీలో నర్సుగా చేసింది కాబట్టి అందరికీ సిస్టరమ్మే. రిటైరయ్యాక కొడుకు ఆరోన్ క్వార్టర్లో ఉంటోంది. ఆవిడ కోపం కాలనీ అంతటికీ తెలిసిందే. జ్వరమొచ్చిన పిల్లకి అన్నం మాన్పిస్తే అరుస్తుంది, కాలినచోట టూత్‌పేస్టు రాస్తే అరుస్తుంది. పేల సంగతి మాత్రం వేరు. పిల్ల తలలో పేలున్నాయని ఎవరైనా ఈసడించారా, ఇక ఒంటికాలి మీద లేస్తుంది. ఎందుకంత కోపమో ఎవరికీ తెలియదు, ఒక్క నవ్యకి తప్ప.

ఆ నవ్యే 2024 ఆగస్టులో ఓ సోమవారం మధ్యాహ్నం ఎనిమిదేళ్ల కూతురు లహరిని రెక్క పట్టుకుని లాక్కుపోతోంది. పిల్ల ఏడుపు విని సిస్టరమ్మ గేటు దగ్గరికొచ్చింది.

"ఎక్కడికే, పిల్లని అలా ఈడ్చుకుపోతున్నావు?"

"సెలూన్‌కి సిస్టరమ్మా, గుండు గీయించీడానికి. స్కూల్లో రెండ్రోజులు దీన్నొక్కద్దాన్నీ ఆఖరి బెంచీ మీద కూచోబెట్టీసినారు. ఇవాళ డైరీలో రాసి ఇంటికి పంపీసినారు. పేలు పూరా పోయేదాకా రావద్దంట. పిల్లలేమో 'జూ వాలీ, జూ వాలీ' అని ఏడిపిస్తన్నారంట."

జూ అంటే హిందీలో పేను. సిస్టరమ్మ డైరీ లాక్కుని చూసింది. 'ఇంట్లో శుభ్రత పాటించండి. మీ అమ్మాయి వల్ల మిగతా పిల్లలకు ఇబ్బంది' అని రాసి, కింద ఎర్రగా గీత కూడా కొట్టారు.

"శుభ్రతట, శుభ్రత! వాళ్ల మొహాలు మండ! పేనుకి మురికి తలా శుభ్రమైన తలా అని తేడా ఏమైనా ఉందా? అది ఎగరదు, గెంతదు. తలకి తల తగిలితే పాకుతుంది. పిల్లలన్నాక తలలు ఆనించుకుని కూర్చోరా? ఎవరి దగ్గర్నుంచి ఎవరికొచ్చిందో ఈ రాసిన మహాతల్లి చూసిందా? గుండూ లేదు, గిండూ లేదు. లోపలికి రండి."

నవ్య కదల్లేదు. "నాకు చేయించమన్నది మీరే కదా," అంది నెమ్మదిగా.

సిస్టరమ్మ డైరీ మూసి ఆమె చేతికిచ్చేసింది.

అది 2003 నాటి మాట. నవ్యకి పదేళ్లు. తండ్రి దుర్గారావు వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు. అక్కడివాళ్లు పని దిగేముందు చేతులకంటిన గ్రీజుని కిరసనాయిలుతో వదిలించుకుంటారు, ఓ సీసా ఇంటికీ తెచ్చుకుంటారు. అంత గ్రీజుని వదిలించేది పేలని వదిలించదా అనుకుంది తల్లి పార్వతమ్మ. పిల్ల తలంతా పట్టించి తువ్వాలు బిగించి చుట్టింది. రెండు గంటల్లో మాడు బొబ్బలెక్కింది. ఆ తలతో పిల్ల పొయ్యి దగ్గరికి పోలేదు, అదే అదృష్టం. డిస్పెన్సరీకి తీసుకొచ్చేసరికి బయట చాంతాడంత లైనుంది. సిస్టరమ్మ పార్వతమ్మని చెడామడా తిట్టి, బొబ్బలకి మందు చీటీ చేతిలో పెట్టి, "ముందు గుండు చేయించెయ్యండి, పీడా పోతుంది" అంది. అరనిమిషం పట్టని మాట.

గుండుతో బడికెళ్లిన నవ్య తలమీది స్కార్ఫుని మొదటిరోజే లాగేశారు. మొక్కు తీర్చుకున్న గుండు కాదని, పేలకి చేయించిన గుండని అందరికీ తెలుసు. మర్నాటినుంచి పిల్ల బడికి పోనని మొండికేసింది. ఆ ఏడు పరీక్షలు పోయాయి. తనకన్నా చిన్నవాళ్ల మధ్య కూర్చుని అయిదో తరగతి మళ్లీ చదివింది. ఎప్పుడో మాటల్లో పార్వతమ్మ ఈ సంగతి మామూలుగానే చెప్పింది. సిస్టరమ్మ మామూలుగా వినలేకపోయింది. ఆనాటినుంచి పేల గురించి ఊరిమీద పడి అరిచే అరుపుల్లో సగం తనమీద తనకే. కానీ ఇరవై ఒక్కేళ్లలో ఆ తప్పు నాదని నవ్యతో ఒక్కసారైనా అనలేకపోయింది. ఇప్పుడూ అనలేకపోయింది.

"మూడు వారాలియ్యి," అంది.

"వాళ్లు వచ్చే సోమవారందాకానే టైమిచ్చినారు. ఆ రోజు కూడా వాపసు పంపినారంటే సీదా సెలూన్‌కే. గుంటకి ఏడాది చదువు పోతే నేనూరుకోను సిస్టరమ్మా. నాది పోయింది, చాలు."

లహరి తన రెండు జడల్నీ రెండు చేతుల్తో పట్టుకుని, వెళ్లి సిస్టరమ్మ మెడలో మొహం దూర్చేసింది. ఏడుపు ఆగేదాకా ఆవిడ అలాగే ఒంగి హత్తుకుని నిలబడింది.

వరండాలో ఎండ పడేచోట స్టూలు వేసి, పిల్ల భుజాలమీద తెల్ల తువ్వాలు కప్పి, ముందు చెవుల వెనకా మెడ పైనా పాయలు తీసి చూసింది. "ఇదుగో నవ్యా, ఇలా రా. చుండ్రయితే ఊదితే లేచిపోతుంది. పేను గుడ్డు, అదే ఈపి, అలా పోదు, వెంట్రుకని కరుచుకుని ఉంటుంది. గోళ్లతో పట్టి లాగాలి." డిస్పెన్సరీ డాక్టరు చేత రాయించి తెచ్చిన పేల మందు పట్టించి, గడియారం చూసి సరిగ్గా పది నిమిషాలకి కడిగింది. తడి తలకే కండిషనర్ దట్టంగా రాసి, పాయ పాయకీ కుదురునుంచి కొసదాకా పేలదువ్వెనతో దువ్వింది. దువ్విన ప్రతిసారీ తెల్లకాగితం మీద తుడిచింది.

"మూడ్రోజులకోసారి ఇలా దువ్వాలి. ఈపులన్నీ మందుకి చావవు. మిగిలినవి వారం పదిరోజుల్లో పొదుగుతాయి. అందుకే తొమ్మిదోరోజున మళ్లీ రాయాలి. మీరంతా ఒక్కసారి రాసి చేతులు దులిపేసుకుంటారు, మళ్లీ వచ్చాయని పిల్లని కొడతారు! రిబ్బన్లూ దువ్వెనలూ దిండు గలీబులూ వేడినీళ్లలో వెయ్యి. ఇల్లంతా మందు కొట్టక్కర్లేదు. ఇంట్లో అందరి తలలూ మాత్రం చూడాల్సిందే."

పార్వతమ్మనీ పిలిపించి చూస్తే నవ్య తలలో నాలుగు, ఆవిడ తలలో రెండు దొరికాయి. "కొంచెం కిరసనాయిలు రాసుకుంటే ఏటి సిస్టరమ్మా?" అని పార్వతమ్మ నసిగింది. సిస్టరమ్మ చూసిన చూపుకి మంచినీళ్ల వంకతో లోపలికి జారుకుంది.

వారం తిరిగింది. సోమవారం లహరి జడలు రెండూ మడిచి కట్టుకుని బడికెళ్లింది. పదకొండింటికి నవ్య ఫోను.

"మళ్లీ క్లాసు బయట నిలబెట్టీసినారు. తెల్లగా ఇంకా కనిపిస్తన్నాయంట. పోయి తీసుకొచ్చీస్తన్నాను. ఇంక నాకేటీ చెప్పకండి."

సిస్టరమ్మ దువ్వెనా టార్చీ తెల్లకాగితాలూ సంచీలో పడేసుకుని, స్కూలున్న దేవేంద్ర నగర్ దాకా ఆటోవాణ్ని తొందరపెడుతూనే ఉంది. వెళ్లేసరికి లహరి వరండాలో గోడకానుకుని ఉంది. బ్యాగు అప్పటికే నవ్య భుజానికెక్కింది. పెద్ద మేడం తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. సిస్టరమ్మ నమస్కారమైనా పెట్టకుండా లహరి జడ విప్పి పాయ తీసి చూపించింది. ఉద్యోగంలో రాటుదేలిన హిందీ ఆవిడది.

"కళ్లు పెట్టి చూడండి. మాడుకి ఎంత దూరంలో ఉన్నాయి? ఇవి పాత పెంకులు, ఖాళీవి. బతికున్న పేను ఒక్కటి చూపించండి, నేనే సెలూన్‌కి తీసుకుపోతాను." కాగితం పట్టి తలంతా దువ్వింది. ఒక్కటీ రాలలేదు.

"సిస్టర్‌జీ, రూలంటే రూలే. మిగతా పేరెంట్స్ ఊరుకోరు."

"మిగతా పిల్లల తలలు చూశారా?"

"అందరివీ ఎలా చూస్తాం? వాళ్లకి అవమానంగా ఉండదూ?"

ఆ మాటకి సిస్టరమ్మ ఒళ్లు భగ్గుమంది. "వాళ్లకే అవమానమా? దీనికి లేదా? ఎనిమిదేళ్ల పసిదాన్ని పేరుపెట్టి ఏడిపిస్తే మీకు చీమ కుట్టినట్టయినా లేదా? ముప్ఫై ఆరుమంది క్లాసులో ఒక్క తలలోనే పేలుంటాయా? తల చూపించడమే అవమానమైతే నాతో మొదలుపెట్టండి!"

చరచరా క్లాసులోకి నడిచి, టీచరు కుర్చీలో కూర్చుని, ముడి విప్పేసి, దువ్వెన టీచరమ్మ చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి బెదురుతూ మెడ దగ్గర్నుంచి దువ్వింది. మూడో దువ్వుకి కాగితం మీద నువ్వుగింజంత పేను పడింది. కాళ్లాడిస్తోంది.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత క్లాసంతా "జూ! జూ!" అని ఒకటే గోల. సిస్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. చెవులు కాలిపోతున్నాయి. ఆరోజు మందు రాయకముందు లహరి మెడలో మొహం దూర్చి ఏడ్చింది కదూ! ఇంటిల్లిపాదినీ దువ్వింది, తన తల చూసుకోవాలని తోచనేలేదు. చెయ్యి దానంతటదే లేచి కొంగుని తలమీదికి లాక్కోబోయింది. అప్పుడే గుమ్మంలో నిలబడ్డ నవ్య కనిపించింది. నవ్య నవ్వడం లేదు. స్కార్ఫు లాగేసిననాడు ఈ పిల్లకి ఇలాగే ఉండుంటుందని సిస్టరమ్మకి మొదటిసారి తెలిసొచ్చింది. కొంగు వదిలేసింది.

"రాసుకోండి మేడం. పేలున్నవాళ్లలో మొదటిపేరు విజయకుమారి, నర్సు. ఇరవై రెండేళ్ల వయసునుంచి రోజుకి పాతికసార్లు చేతులు కడుక్కున్నదాన్ని, శుభ్రత నాకు నేర్పకండి. ఇప్పుడు నన్నెక్కడ కూర్చోబెడతారో చెప్పండి."

ఆవిడే జుట్టు విరబోసుకుని నడిచివెళ్లి ఆఖరి బెంచీ మీద కూర్చుంది.

ముందు వరసలో ఓ పిల్ల చెయ్యెత్తింది. "మేడం, నా తల కూడా దురద పెడుతోంది." ఇంకో పిల్ల, ఆ వెనక ఇంకో పిల్లాడు. అన్నాల గంట కొట్టేసరికి పదకొండుమంది తేలారు. ఏ పిల్ల పేరూ లేకుండా, అందరి ఇళ్లకీ ఒకే చీటీ వెళ్లాలని సిస్టరమ్మ పట్టుబట్టి, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో దగ్గరుండి రాయించింది. కిరసనాయిలు వద్దన్న మాట కింద పెద్ద మేడం చేతే గీత కొట్టించింది. నవ్య బ్యాగు తీసి లహరి పాతచోట, రెండో బెంచీ మీద పెట్టింది.

సాయంత్రం వరండాలో అదే స్టూలు. ఈసారి కూర్చున్నది సిస్టరమ్మ, దువ్వెన పట్టింది నవ్య. లహరి కాగితం పట్టుకుని లెక్కపెడుతోంది.

"నవ్యా."

"ఊఁ."

"ఆ రోజు నేను నీ మొహం చూడనైనా లేదే. లైను చూశాను. లైను తరగాలని గుండు చేయించమన్నాను. తప్పు నాది."

దువ్వెన ఆగింది.

"ఈ ఒక్క మాట ఎప్పుడంటారా అని చూస్తన్నాను, సిస్టరమ్మా," అంది నవ్య. కళ్లు తుడుచుకుని మళ్లీ పాయ తీసింది. "తల దించండి. చెవెనక ఇంకా చూడనేదు."