ఆ పూలు నేను కట్టినవే

మా ఆయన పోయాక నాకు మిగిలింది ఒక ఎర్ర కారు. టాపు లేదు, రెండే సీట్లు, నేలకు అతుక్కుపోయినట్టు ఉండే స్పోర్ట్స్ కారు. భీమవరం వైపు రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన, డబ్బు చెరువుల్లో ఈదుతున్న రోజుల్లో, బొంబాయిలో ఎవరి దగ్గరో చూసి ముచ్చటపడి తెచ్చుకున్నాడు. రొయ్యలకు జబ్బొచ్చి చెరువులు ఎండగట్టుకున్నాక ఆ కారు ఆయన షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి పనికొచ్చింది. మా ఆయన మెకానిక్కు. పాత ఇనుము కింద దాన్ని కొని, లారీ మీద కొవ్వూరు తెచ్చి, వాకిట్లో దింపాడు.

"ఇద్దరికి మించి పట్టని కారు ఇంటికేం పనికొస్తుంది, నా తలకాయ!" అన్నాను.

"ఇద్దరే ఎక్కాల్సిన చోటికి పంపుతానే, పెళ్లిళ్లకి" అన్నాడు.

అన్నట్టే చేశాడు. ఇంజను వేరేది వేశాడు, రంగు కొట్టించాడు, వెనక ఎత్తు మీద మెత్తటి పరుపు బిగించి పట్టుగుడ్డ కప్పాడు. పెళ్లికొడుకునీ పెళ్లికూతురునీ దాని మీద కూర్చోబెట్టి వీధిలో నడిపిస్తుంటే మేడల మీదివాళ్లు కూడా వంగి చూసేవారు. గోదావరికి అటూ ఇటూ పెళ్లిళ్ల రోజుల్లో ఆ కారుకి తీరిక ఉండేది కాదు.

ఆయన గుండెనొప్పితో పోయాడు. దినాలు కాకుండానే చుట్టాలందరూ ఒకే మాట. అమ్మెయ్యి. పెళ్లి కారుకి ముండమోసినది ఓనరా, ఎవడు ఎక్కుతాడు? నాకు సంతకం వరకే చదువు. పొలం లేదు, పుట్రా లేదు. అమ్మితే ఆ డబ్బు ఎన్నాళ్లు తింటాను? అమ్మనన్నాను. మా తమ్ముడికి డ్రైవింగు వచ్చు కాబట్టి వాణ్ణి కారెక్కించాను. పెళ్లివాళ్లతో మాట్లాడేదంతా వాడే. నేను కూడా వెళ్లేదాన్ని గానీ, కారు నాకు కనిపించేంత దూరంలో, నేను పెళ్లివాళ్లకు కనిపించనంత దూరంలో కూర్చునేదాన్ని. కారు ఎవరిదని అడిగితే "మాదేనండి" అనేవాడు తమ్ముడు. అబద్ధం కాదు.

పూల సంగతి ఒకటుంది. మా ఆయన ఉన్నప్పుడు రాజమండ్రిలో ఒక పూలకొట్టువాడు కారుకి దండలు కట్టేవాడు. అవి మధ్యాహ్నానికే వడలిపోయేవి. ఆయన పోయాక ఆ పని నేనే పెట్టుకున్నాను. తమ్ముడు కడియం నుంచి విడిపూలు తెస్తే, తలుపు గడియ పెట్టుకుని, తడిపిన అరటినారతో బంతి, లిల్లీ, మధ్యమధ్య మరువం వేసి కట్టేదాన్ని. ముండమోసిన చెయ్యి పెళ్లి పూలు ముట్టుకుందని తెలిస్తే ఆ రోజుతో నా కారు మళ్లీ కోళ్ల పాలు. అందుకని ఎవరడిగినా పూలకొట్టువాడు కట్టాడనే చెప్పేవాళ్లం.

ఆ రోజు మండపేటలో పెళ్లి. ముహూర్తం పొద్దున్నే అయిపోయింది, భోజనాలయ్యాక ఊరేగింపు. మిల్లుల ఊరు, వీధి నిండా లారీలూ ట్రాక్టర్లూ. తమ్ముడు కల్యాణ మండపం ఎదురుగా రోడ్డు వారగా కారు పెట్టాడు. నేను ఆ పక్కనే మూసి ఉన్న కొట్టు మెట్ల మీద కూర్చున్నాను. అందరూ బంతుల్లో కూర్చున్నాక తమ్ముడు వచ్చి, "వంటశాల వెనక నీకూ ఆకు వేయించానక్కా, రా" అన్నాడు. వెళ్లాం. పులిహోర, పనసపొట్టు కూర బాగున్నాయి. మజ్జిగ పోసుకుంటుంటే వీధిలో ధడేల్మని చప్పుడైంది. లారీవాడు మూట దింపాడనుకున్నాను.

తిరిగొచ్చేసరికి కారు చుట్టూ జనం. ఎడమ పక్క ముందు రేకు అప్పడంలా నలిగి లోపలికి పోయింది. లైటు పగిలి గాజు నేల మీద ఉంది. ఆ పక్క దండంతా ఊడబెరికేసి, కారుకి కట్టిన మొదలు మాత్రం జానెడు వేలాడుతోంది. గుద్దినవాడు లేడు. చూసినవాడూ లేడు. అందరూ లోపల తింటున్నారట, బ్యాండు మేళంవాళ్లతో సహా.

తమ్ముడు ఆ రేకు మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాడు. "బావ చూస్తే ఏమయ్యేవాడక్కా" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

మగపెళ్లివారి పెద్ద వచ్చాడు. పెళ్లికొడుక్కి పెదనాన్న. మిల్లు ఉంది, తెల్ల జీపు ఉంది, చెప్పిన మాట కాదనేవాడు లేడు. కారుని ఒకసారి చూసి తల తిప్పేసుకున్నాడు.

"ఎక్కబోయే ముందు ఇలా అయిందంటే ఏంటి దానర్థం? అపశకునం. ఈ కారు వద్దు. ఇంతకీ కారు ఎవరిదోయ్?"

తమ్ముడు కంగారులో ఉన్నాడు పాపం. "మా అక్కదండి" అనేశాడు.

పెద్దాయన నన్ను చూశాడు. నా నుదురు చూశాడు, చేతులు చూశాడు. "అదీ సంగతి" అన్నాడు. "బావగారూ, విన్నారా? శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే ఇలాంటి బండి తెచ్చారేంటండీ?"

పెళ్లికూతురు తండ్రి మెత్తటి మనిషి. చేతులు నలుపుకుంటూ, "మాకు తెలీదండి బాబూ, తెలిస్తే తెస్తామా" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. రేకు సాపు చేయించుకోవచ్చు, లైటు కొనుక్కోవచ్చు. "అపశకునం కారు" అన్న మాట మండపేట నుంచి కొవ్వూరు వచ్చేలోపే నాకంటే ముందు ఇల్లు చేరుతుంది. ఆ తర్వాత ఏ పెళ్లివాడూ నా గుమ్మం తొక్కడు. గుద్దినవాణ్ణి అక్కడే, అప్పుడే పట్టుకోకపోతే నా పొయ్యి ఆరిపోయినట్టే.

ఎవణ్ణని పట్టుకోను? వీధంతా చూస్తున్నాను. అంతలో పెళ్లికొడుకు మేనత్త, ఆ పెద్దాయన చెల్లెలు, ఆడపెళ్లివారిని ఊరడిద్దామని కాబోలు, "పోన్లే అన్నయ్యా. మర్యాద తెలిసినవాళ్లే. నీ జీపుక్కూడా పూలు కట్టించారు, చూశావా? సందులో ఎంత కళగా ఉందో!" అంది.

జీపుక్కూడా పూలా?

జనాన్ని తోసుకుని మండపం పక్క సందులోకి వెళ్లాను. నీడన జీపు. ముందు ఉన్న ఎర్రరంగు ఇనుప గార్డుకి బంతి, లిల్లీ, మరువం దండ అడ్డదిడ్డంగా చుట్టుకుని ఉంది. ఆ దారిన మంచినీళ్ల డ్రమ్ములు మోసినవాళ్లు వెళ్లారు, మేనత్తా వెళ్లింది. ఒక్కరికీ అనుమానం రాలేదు. బండికి ముందు పూలుంటే మన వాళ్లు దండం పెట్టుకుంటారు గానీ ఎక్కడివని అడుగుతారా? పూలు పట్టుకుని చూశాను. అరటినార. మొదలు తెగి ఉంది.

వెనకే అందరూ వచ్చారు. నేను పెళ్లికూతురు తండ్రినే అడిగాను. "బాబుగారూ, ఈ జీపుకి పూలు మీరు కట్టించారా?"

ఆయన ఆ పూలను చూశాడు, వియ్యాలవారి పెద్దను చూశాడు. కట్టించలేదంటే గొడవ, కట్టించామంటే మర్యాద. "ఆ... మా కుర్రాళ్లెవరో కట్టి ఉంటారమ్మా" అన్నాడు. నా కాళ్ల కింద చాప లాగేశాడు మహానుభావుడు.

"ఇవి నా కారు పూలండి. గుద్దినప్పుడు మీ గార్డుకి చుట్టుకుని వచ్చేశాయి" అన్నాను పెద్దాయనతో.

"ఏంటమ్మా, పూల మీద పేరు రాసుంటుందా? కడియం పూలు ఈ చుట్టుపక్కల ఏ పెళ్లికైనా ఇవే. మీ పూలే అయితే కట్టినవాణ్ణి పిలిపించు. వచ్చి నేనే కట్టానని చెప్పమను, అప్పుడు చూద్దాం."

తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "వద్దక్కా" అన్నాడు నెమ్మదిగా. "ఇంటికెళ్లిపోదాం. చెప్పావంటే ఇక మనకు ఒక్క పెళ్లి కూడా రాదు."

వాడి మాట నిజమే. కానీ నోరు మూసుకున్నా రాదు. ఎటూ రానప్పుడు దొంగలా తల దించుకుని ఎందుకెళ్లాలి?

"కట్టినదాన్ని ఇక్కడే ఉన్నానండి" అన్నాను. "ఈ చేతులతో నేనే కట్టాను. అరటినారతో, రెండు పూలకో మరువం రెమ్మ. కారు మీద తెగిన మొదలుంది, తెచ్చి పక్కన పెట్టి చూసుకోండి. మా ఆయన పోయినప్పటి నుంచి మా కారెక్కిన పెళ్లిళ్లన్నిటికీ నేనే కట్టాను. వాళ్లంతా పిల్లాపాపల్తో ఉన్నారు. కావాలంటే వెళ్లి అడగండి."

ముందుగా నోరు పెగిలింది మేనత్తకే.

"ఓయమ్మో! ముండమోపి కట్టిన పూలా! అన్నయ్యా, తీయించెయ్యి, ముందు జీపు మీంచి తీయించెయ్యి!"

పెద్దాయన చెయ్యి గార్డు మీదికి వెళ్లిపోయింది. నేను అడ్డం నిలబడ్డాను.

"ఆగండి. ఇవి పూలకొట్టు పూలైతే, మీ బావగారు కట్టించినవైతే, పీకడం దేనికి? ఉంచుకోండి కళగా. నా పూలేనని పీకుతారా, అయితే నా కారుని గుద్దింది మీ జీపే. రెండూ కుదరవండి. ఏదో ఒకటి చెప్పి చెయ్యి వెయ్యండి."

ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. వేస్తే ఒప్పుకున్నట్టు, వెయ్యకపోతే ముండమోపి పూలు జీపు మీద మోసుకుని ఇంటికి వెళ్లాలి. మేళంవాళ్లలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

మేనత్తకి ఇవేమీ పట్టలేదు. "చూస్తావేంటన్నయ్యా, పీకెయ్యి! జీపు నీడకి పెట్టొస్తానని తాళాలు తీసుకుని విస్తట్లో పెరుగు వదిలేసి నువ్వే లేచావు. అప్పుడైనా చూసుకోవద్దూ మీద ఏముందో!"

ఇంక చెప్పడానికి ఏముంది? ఆయన మొహం కందగడ్డలా అయిపోయింది. దండ సర్రున లాగి కింద పడేశాడు.

"మలుపులో కొంచెం తగిలినట్టుంది. చూసుకోలేదు" అన్నాడు గొంతులోనే.

"గట్టిగా చెప్పండి. అపశకునమన్నప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. ఇదీ వినిపించాలి."

"చూసుకోలేదన్నాను కదమ్మా! నా జీపే తగిలింది. బాగు చేయిస్తాను. అయిందా?"

"అయింది. శకునం కాదు, స్టీరింగు" అన్నాను. ఈసారి మేళంవాళ్లు అందరూ నవ్వారు. పెళ్లికూతురు తండ్రి కూడా మొహం అటు తిప్పుకుని కండువా అడ్డం పెట్టుకున్నాడు.

ఇంకా కాసేపు గొణుగుళ్లు నడిచాయి. కారు ఎక్కాలా వద్దా అని లోపల చర్చ. చివరికి తేల్చింది వీడియో తీసే ఆయన. "ఏమండోయ్, వెలుతురు పోతుంది. నేను కుడి పక్క నుంచి తీసుకుంటాను, సొట్ట పడదు. ఎక్కించండి బాబూ" అన్నాడు. పెళ్లికొడుకు అప్పటికే విసిగిపోయి ఉన్నాడు, వచ్చి ఎక్కేశాడు. పెళ్లికూతురు వెనకే ఎక్కింది. ఎక్కేటప్పుడు నా వైపు చూసిందో లేదో తెలీదు, జడ సర్దుకునే హడావుడిలో ఉంది.

నేను కింద పడ్డ దండ తీసి, దుమ్ము దులిపి, నలిగిన రేకు మీద నుంచి మళ్లీ బిగించాను. అందరి ఎదురుగానే కట్టాను. మేళం మొదలైంది. ఆ రోజు దూరంగా వెళ్లలేదు. కారుకి ఎడమ పక్కన, సొట్ట పక్కనే నడిచాను. మేనత్తా ఇంకొందరూ జీపులో కూర్చుండిపోయారు, నడవలేదు. నడిచినవాళ్లు నడిచారు.

పెద్దాయన మాట తప్పలేదు. మిల్లు మనిషిని పంపి రేకు సాపు చేయించాడు, లైటు వేయించాడు. రంగు మాత్రం సరిగ్గా కలవలేదు, ఆ పక్క కాస్త ముదురు ఎరుపు. తమ్ముడు మొత్తం మళ్లీ వేయిద్దామన్నాడు. అక్కర్లేదన్నాను.

తమ్ముడు భయపడ్డట్టే మాట పాకింది. ఖాయం చేసుకున్న పెళ్లివాళ్లు కొందరు మొహం చాటేశారు. ఒకాయన అయితే కబురు కూడా పంపకుండా భీమవరం నుంచి గుర్రపు బండి తెప్పించుకున్నాడు, మా ఇంటి ముందు నుంచే తీసుకెళ్లాడు. ఆ నెలల్లో ఇల్లు గడవడం కష్టమే అయింది. అయినా గడియ పెట్టుకోవడం మానేశాను. చాప తెచ్చి వీధి అరుగు మీద పరిచి, వచ్చేపోయే వాళ్లందరూ చూస్తుండగా పూలు కట్టాను. చూసి గొణిగినవాళ్లని, "ఏంటండీ, గట్టిగా చెప్పండి" అని అడిగేదాన్ని. ఒక్కరూ చెప్పలేదు.

ఒకరోజు నిడదవోలు వైపు నుంచి ఒక రైతు మోటారు సైకిలు మీద వచ్చి ఆగాడు. కూతురి పెళ్లి, కారు కావాలన్నాడు. నేను నారపోగు నోట్లో పట్టుకుని ఉన్నాను, తీసి ముందే చెప్పాను.

"కారు నాదండి. మా ఆయన లేడు. పూలు నేనే కడతాను, ఊరేగింపులో కారు పక్కన నేనే నడుస్తాను. అప్పుడొచ్చి శకునాలూ అవీ అంటే ఒప్పుకోను. ఇష్టమైతేనే మాట్లాడుకుందాం."

ఆయన బండి స్టాండు వేసి, వచ్చి అరుగు చివర కూర్చున్నాడు.

"నడవండి, ఎవరు వద్దన్నారు?" అన్నాడు. "మా అమ్మాయికి బంతిపూల వాసన పడదండి. లిల్లీలు ఎక్కువ వెయ్యండి."