వడియాలకు కాపలా కాసిన డిస్కు

పోయిన ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్ తెరిస్తే, ముందురోజు నేనే చేసిన అప్‌డేట్ పుణ్యమా అని, తెర మూలన ఉండాల్సిన వైఫై గుర్తు కనబడలేదు. ఈ వయసులో కూడా లినక్సు పట్టుకుని వేలాడే ఆడది వేంపల్లె మొత్తంలో నేనొక్కదాన్నేనని మా ఆయన ఎగతాళి చేస్తుంటారు గానీ, నేనేమీ కంగారు పడలేదు. ఆపి మళ్ళీ ఆన్ చేసి, మొదట్లో వచ్చే పట్టికలో కిందికి దిగి, యంత్రాన్ని లోపలి నుంచి నడిపించే కెర్నెల్‌లలో కొత్తదానికి బదులు పాతదాన్ని ఎంచుకున్నాను. రెండు నిమిషాల్లో వైఫై వచ్చేసింది. పాతదాన్ని ఒకటి దాచి ఉంచుకోవాలన్న బుద్ధి నాకు ఏ పుస్తకం చదివితేనూ రాలేదు, మా అత్తగారి వడియాల దగ్గర వచ్చింది.

సెల్‌ఫోన్లలో మాట తప్ప మనిషి కనబడని రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అప్పట్లో మా ఇంటి వీధి గదిలో నాకొక చిన్న ఇంటర్నెట్ షాపు ఉండేది. హాల్‌టికెట్లు, అడంగల్ నకళ్ళు, కువైట్‌కు పోయేవాళ్ళ కాగితాలు, ఇవే నా వ్యాపారం. వచ్చేవాళ్ళ పెన్‌డ్రైవుల నిండా వైరస్సులే కావడంతో, కర్నూలులో ఇంజనీరింగు చదివే మా తమ్ముడు ఏదో కంప్యూటరు పత్రికతో ఉచితంగా వచ్చిన డిస్కు ఒకటి తెచ్చి, నా యంత్రాలకు విండోస్ తీసేసి, ఆ వైరస్సులు అంటని లినక్సు ఎక్కించి, నాలుగు ముక్కలు నేర్పించి పోయాడు. ఆ నాలుగు ముక్కలతోనే నేను ఊళ్ళో పెద్ద ఇంజనీరులా తిరిగేదాన్ని.

నాకొక జబ్బు ఉండేది, సర్దుకునే జబ్బు. వాడని వస్తువు ఇంట్లో కనబడితే నాకు నిద్ర పట్టేది కాదు. మా అత్తగారిది సరిగ్గా దానికి ఎదురు. అడుగు ఊడిన చెంబు, పిడి లేని కొడవలి, పెళ్ళికార్డులు, ప్లాస్టిక్ డబ్బాల మూతలు, అన్నీ ఆమెకు కావాలి. నేను చెత్తబుట్టలో వేసిందాన్ని ఆమె ఏరుకొచ్చి అటకెక్కించేది, ఆమె ఊరెళ్ళినప్పుడు నేను అటక దులిపేదాన్ని. ఆమె పుట్టిల్లు మెట్టపొలాల ఇల్లు. విత్తనపు గింజలన్నీ మొదటి వానకే చల్లుకున్నవాడు రెండో వానకు ఆకాశం చూస్తూ కూర్చుంటాడని రోజుకొకసారైనా అనేది. నేను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేదాన్ని.

మా పక్కిల్లు పరుపులు కుట్టే అక్కది. మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒక్కటే. ఆమె కూతురికి పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు ఆడపిల్ల పుట్టింది. అల్లుడు కువైట్‌లో ఒక ఇంట్లో కారు డ్రైవరు, భార్యకు అయిదో నెలలో వెళ్ళినవాడు, బిడ్డను చూడలేదు. ఏడోనాడు పేరు పెట్టాలి. బిడ్డ ముఖం చూసి తనే పేరు పెడతానని, అందాకా ఎవరూ ఏ పేరుతోనూ పిలవొద్దని అతను ఫోన్లో బతిమాలుకున్నాడట. ఆ రోజు మనకు పదిన్నర మొదలు పదకొండున్నర దాకా అక్కడ స్నేహితుడి గదిలో కంప్యూటరు ముందు కూర్చుంటాడు, ఆ తర్వాత యజమాని కుటుంబాన్ని తీసుకుని దూరప్రయాణం బయలుదేరితే నెల దాకా నెట్టు అందదు. ఆ గంట దాటితే బిడ్డ తాతే పేరు పెట్టేయాలని పెద్దలు తీర్మానించారు. బాలింత, బిడ్డ నలభై రోజులు గడప దాటకూడదు కాబట్టి నా షాపుకు రాలేరు. నా ల్యాప్‌టాపే వాళ్ళ గదికి పోవాలి. మా వైఫై ఆ గోడ దాటి లోపలి గది దాకా అందుతుందని నేను ముందే చూసి, ఛాతీ తట్టుకుని మాట ఇచ్చేశాను.

అంత ముఖ్యమైన పని కదా, యంత్రం శుభ్రంగా ఉండాలని ముందురోజు సాయంత్రం అప్‌డేట్ చేశాను. కొత్త కెర్నెల్ వచ్చింది. అంతటితో ఊరుకోక, నా జబ్బు కొద్దీ, పాత కెర్నెళ్ళన్నీ వెతికి మరీ తుడిచేశాను. తెల్లవారి చూస్తే వైఫై లేదు.

రూటరు దీపాలు బాగానే వెలుగుతున్నాయి. ఆపి వేశాను, వేసి ఆపాను. తమ్ముడు నేర్పిన ఆదేశాలు కొట్టి చూస్తే, వైర్‌లెస్ కార్డు ఉన్నట్టే చూపిస్తోంది గానీ దానికి డ్రైవరు పలకడం లేదు. డ్రైవరంటే కార్డుకూ కెర్నెల్‌కూ మధ్య దుబాసీ లాంటిది. దొర మారేసరికి పాత దుబాసీ మాట చెల్లలేదు. కొత్త డ్రైవరు నెట్టులో దొరుకుతుంది, నెట్టు రావాలంటే డ్రైవరు ఉండాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. రెండో కంప్యూటరు కడపకు రిపేరుకు పోయింది. ల్యాప్‌టాపుకు వైరు పెట్టే చోటు ఎప్పుడో విరిగిపోయింది. గోడ అవతల నుంచి అప్పుడే పలావు వాసన వస్తోంది. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన తండ్రి ముందు నా గొప్పలన్నీ ఏమైపోతాయోనని నిజంగా ఏడుపొచ్చింది.

తమ్ముడికి ఫోన్ చేస్తే పాత కెర్నెల్‌లోకి పొమ్మన్నాడు. తుడిచేశానని చెప్పాను. "అక్కా, నేనిచ్చిన డిస్కు యాడుండాది? దాన్నేసి ఆన్ చెయ్. ఎక్కించే పని లేకుండా డిస్కు మీదనే నడుస్తాది, దాంట్లో ఉండేది పాతదే గదా" అన్నాడు. ఆ డిస్కును నేను ఆరునెలల కిందటే పారేశాను.

ఫోన్ పెట్టేసి తల పట్టుకుని కూర్చుంటే మా అత్తగారు వచ్చి ఏమైందని అడిగింది. కెర్నెళ్ళ సంగతి ఆమెకేం చెబుతాను, మధ్యలో చిల్లు ఉన్న మెరిసే బిళ్ళ ఒకటి పారేశానని, అదిప్పుడు ప్రాణం మీదికి వచ్చిందని చెప్పాను.

"ఆ అద్దం మాదిరి మెరుస్తాదే, అదేనా? నువ్వు పారేస్తే నేను తెచ్చి మిద్దె మీద కట్టినా. కాకులు బెదురుతాయని."

మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు. పాత చీర మీద బూడిద గుమ్మడికాయ వడియాలు ఆరబెట్టి ఉన్నాయి. వాటిపైన దారానికి వేలాడుతూ, గాలికి గిరగిరా తిరుగుతూ, ఎండకు తళతళలాడుతూ నా డిస్కు ఉంది. గీతలు పడింది, దుమ్ము పట్టింది, ఒక కాకి బెదరకుండా తన గుర్తు కూడా వదిలి వెళ్ళింది. అత్తగారు దారం తెంపి, కుంకుడు నురగతో కడిగి, తన నూలు చీర కొంగుతో పసిపిల్ల ఒళ్ళు తుడిచినట్టు తుడిచి ఇచ్చింది. మొదటిసారి వేస్తే ల్యాప్‌టాప్ గరగరమని ఊరుకుంది. రెండోసారి చాలాసేపు మూలిగి తెర వెలిగించింది. మూలన వైఫై గుర్తు, దాని కింద మా వైఫైకి పెట్టుకున్న మా ఇంటి పేరు. అప్పటికి పదకొండు దాటింది.

ల్యాప్‌టాపును రెండు చేతులా పట్టుకుని నేను, నా వెనకాల మా అత్తగారు పక్కింటికి పరుగెత్తాం. వడియాలు ఆరేదాకా పదేపదే మిద్దెక్కి చూసుకునే మనిషి ఆ పూట వాటిని కాపలా లేకుండా వదిలేసి వచ్చింది. తెరమీద అల్లుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చుని ఉన్నాడు. బిడ్డను దగ్గరికి పట్టుకున్నారు. అతను తెరకు దగ్గరగా వంగి, రెప్ప వేయకుండా చూశాడు. బొమ్మ ఆగిపోయిందేమోనని నేను మీటల మీద చేయి వేయబోతుంటే, "అంతా మా యమ్మ మొగమే ఉండాది" అన్నాడు. పోయిన తల్లి పేరే బిడ్డకు పెట్టాడు. ఆ పేరు మూడుసార్లు పిలిచాడు, బిడ్డ ఆవలించింది, గదంతా నవ్వులు.

పలావు తిని ఇంటికొచ్చేసరికి సగం చీర ఖాళీ. నేను బిక్కమొహం వేసుకుంటే అత్తగారు మిగిలిన వడియాలు ఏరుతూ, "పోనీలే మే, పేరు పెట్టిన పండగ కాకులు గూడా చేసుకున్యాయి" అంది. ఆ తర్వాత నేను అటక జోలికి పోలేదు.

ఆ బిడ్డ ఇప్పుడు హైస్కూలు పిల్ల. వాళ్ళ నాన్న అన్నం తింటూ కూడా ఫోన్లో కనబడతాడు, ఈమేమో "ఉండు నాయనా, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తుంది. ఒక ముఖం చూడడానికి ఒక ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి కూర్చోవడం ఆమెకు చెప్పినా నమ్మదు. నమ్మకపోవడమే మంచిదేమో కూడా. ఇప్పటి ల్యాప్‌టాపులకు డిస్కు పెట్టే చోటే లేదు. నా డిస్కు మాత్రం మళ్ళీ మిద్దె మీదికే చేరింది, వెలిసిపోయినా తిరుగుతూనే ఉంటుంది.

అత్తగారు పోయి ఆరేళ్ళు. ఊళ్ళో కాకులూ తగ్గిపోయాయి. ఏటా ఆమె తద్దినం నాడు మిద్దె మీద ముద్ద పెట్టి ఒక్క కాకి కోసం ఆకాశం చూస్తూ నిలబడతాం. ఆ రోజు పొద్దున్నే నేను మిద్దెక్కి, ఆమె కట్టిన ముడి లాగే కట్టుకున్న ముడి విప్పి, డిస్కును తీసి లోపల పెడతాను. ఆమె వస్తే బెదరకూడదు కదా.