వెనకసీటు పిన్ని

అడవి దారిలో బండి మీద పోయేవాళ్ళంతా ముందుకు చూస్తారు. వెనకసీటు పిన్ని మాత్రం పక్కలకు చూస్తుంది. అదే ఆవిడ ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు, పైగా మొగుడి చేత మాటలు ఉచితం.

మొగుడు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. సూదిబెజ్జంలోకి ఒక్క విసురులో దారం ఎక్కించగలడు. ఎదురుగా ఉన్నది అంత బాగా కనబడుతుంది మహానుభావుడికి. పక్కనున్నదే కనబడదు. చూపు రెండువైపుల నుంచీ దగ్గరికి ముడుచుకొస్తోంది. అడవి జంతువేమో ఏనాడూ మర్యాదగా ఎదురుగా నడిచి రాదు కదా, పక్కనుంచే ఊడిపడుతుంది!

మొదట్లో పిన్ని అరిచేది. ఒకసారి "పంది! పంది!" అని అరిస్తే, ఈయన తాపీగా వెనక్కి తిరిగి "ఎక్కడే?" అన్నాడు. ఆ లోపల పంది ముందు చక్రాన్ని గుద్దేసి, తన దారిన తాను పోయింది. పనిముట్ల పెట్టెలోని దారం బాబిన్లన్నీ రోడ్డంతా దొర్లాయి. ఆ రోజు నుంచి అరుపులు బంద్. కుడి భుజం తడితే కుడివైపు ఏదో ఉందని, ఎడమ తడితే ఎడమవైపని, రెండూ తడితే ఆపమని. అలా తట్టడంతోనే వాళ్ళు కొండచిలువను దాటారు, ఎలుగుబంటికి దారిచ్చారు. నెమలి ఒకటి ఎగిరొచ్చి హ్యాండిల్ మీద వాలబోతే మాత్రం ఏ భుజం తట్టాలో తెలియక పిన్ని అతని నెత్తి మీద ఒక్కటిచ్చింది. దానికి నెల్లాళ్ళు అలిగాడు.

"మానెయ్యరాదూ ఈ తిరుగుడు?" అని పిన్ని చెల్లెలు పోరేది. మానేసి ఏం తినాలి? టౌనులో బట్టలు కుట్టించుకునేవాళ్ళెవరున్నారు ఇప్పుడు? అడవికి అవతల కాలనీల్లోనే ఇంకా తొక్కుడు మిషన్లు ఆడుతున్నాయి. అక్కడికి బస్సు పోదు. పోనీ పిన్నే బండి నడుపుదామంటే ఒక మోకాలు వంగి చావదు.

కంటి డాక్టరు దగ్గరికి అతనొక్కడే వెళ్ళొచ్చాడు. "జబ్బు ఇక పెరగదన్నాడే. ఉన్నది ఉన్నట్టే ఉంటుందట" అన్నాడు, చెప్పులు విడుస్తూ. పిన్ని హమ్మయ్య అనుకుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా, పిచ్చిది.

ఆ తర్వాత అతను తలుపు చట్రానికి భుజం కొట్టుకోవడం ఎక్కువైంది. పిల్లి తోక తొక్కి, పిల్లినే తిట్టాడు. పక్కన పెట్టిన నీళ్ళ గ్లాసు చేత్తో తోసేసి, "ఇక్కడెవరు పెట్టమన్నారు?" అని కసిరాడు. పిన్నికి అనుమానం పట్టుకుంది. అడిగితే "నీకంతా చాదస్తం" అంటాడు. అడక్కపోతే మనసు ఊరుకోదు. ఎంతవరకు కనబడుతోందో తెలియకుండా ఆ బండి మీద ఎలా కూర్చోవడం?

ఆ మధ్యాహ్నం బండి వెదురు పొదల మధ్య ఎత్తు ఎక్కుతోంది. కాలనీలో దర్జీ మిషను బెల్టు తెగిందట, ఆ కథంతా చెబుతున్నాడు మొగుడు. పిన్ని యథాప్రకారం కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తోంది. ఎడమవైపు, తారురోడ్డు అంచునే, అడవిదున్న నిలబడి ఉంది. నల్లగా, గోడంత ఎత్తున. పిన్ని పైప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి లేచింది.

లేచిన చెయ్యి భుజం మీద పడలేదు.

ఒక్కసారి తెలుసుకోవాలనిపించింది ఆవిడకి. చస్తే ఇద్దరం ఒకేసారి చస్తాం, అనుకుంది. బండి వేగం తగ్గలేదు. అతని మాట తడబడలేదు. "ఆ బెల్టు నేనప్పుడే మార్చమన్నాను, వింటేగా!" అంటూ దాని ముందునుంచి పోనిచ్చాడు. దున్న ఊపిరి వేడిగా పిన్ని కాలికి తగిలింది. అది తల ఎత్తింది, ఎందుకనో ఊరుకుంది.

పైన మలుపులో ఇంజను చల్లారడానికి బండి ఆపాడు. పిన్ని దిగింది.

"ఏమయ్యా, ఇందాక దాన్ని చూశావా?"

"చూశాలే. జింకేగా! దానికోసం బండి ఆపాలా ఏంటి?"

"పెద్దదా?"

"అబ్బే, పిల్ల."

పిన్నికి ఏడుపు ముంచుకొచ్చింది. "అడవిదున్నయ్యా! నా కాలికి తగిలేంత దగ్గర!"

అతను పెట్రోలు ట్యాంకు మీద చేతులు పెట్టుకున్నాడు. "మరి తట్టలేదేం?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపమున్నా బాగుండేది.

"నువ్వు నిజం చెప్పలేదేం?"

"పూర్తిగా మూసుకుపోతుందన్నాడే డాక్టరు. మందు లేదట. బండి అమ్మెయ్యమన్నాడు. ఆ మాట చెబితే నువ్వు ఎక్కనంటావు. నువ్వు ఎక్కకపోతే నేను వీధి చివరిదాకా కూడా పోలేను."

పద వెనక్కి అందామంటే వెనక దున్న ఉంది. ముందు కాలనీ ఉంది, అక్కడ దర్జీ ఎదురుచూస్తున్నాడు. ఎటు పోవాలన్నా అదే బండి, అదే మనిషి నడపాలి. ఈ రోజు ఎలాగో గట్టెక్కుతారు. రేపూ ఎక్కాల్సిందే. ఆ తర్వాతా. కళ్ళు మూతపడేదాకానో, ఏదో ఒకటి ఎదురు తిరిగేదాకానో. తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు ఆవిడకి. కొంగుతో మొహం తుడుచుకుని, అతని భుజం పక్కగా వచ్చి నిలబడింది.

అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. కాసేపు చూసి, కంగారుగా గొంతు పెంచాడు.

"ఏమే! ఎక్కడికెళ్ళావే?"